జేబు లేని యూనిఫాం

పోయిన నెల నేను చదువుకున్న బడికి వెళ్ళాను. నా అంతట నేను వెళ్ళలేదు, పంపిస్తే వెళ్ళాను. హైదరాబాదు శివార్లలో నీళ్ళ పంపులు తయారుచేసే కర్మాగారంలో నా ఉద్యోగం. సర్కారు బడుల్లో పిల్లల చేతికి పనిముట్లు ఇచ్చి, విప్పడం, బిగించడం నేర్పి, యంత్రాల చదువుల వైపు మళ్ళించాలని మా వాళ్ళు ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. జాబితాలో భూపాలపల్లి కనబడగానే మా పై అధికారి నన్ను పిలిచి, "మీ ఊరే కదమ్మా, నువ్వే వెళ్ళు. నిన్ను చూస్తే ఆడపిల్లలకు ధైర్యం వస్తుంది" అన్నాడు. నలుగురిలో నోరు తెరవాలంటేనే అరచేతులు తడిసిపోయే మనిషిని. కాదనడానికి కూడా నోరు తెరవాలి కదా, అందుకే సరే అన్నాను.

నలభై మంది ఆడపిల్లలు చాపల మీద కూర్చున్నారు. బస్సులో వస్తూ కంఠతా పట్టిన నాలుగు మాటలు చెప్పాను. యంత్రాలంటే భయపడకండి, చేతులతో చేసిన పని మరిచిపోరు, మీలాగే ఇదే నేల మీద కూర్చుని చదివినదాన్ని, ఇలాంటివి. తర్వాత పనిముట్ల పెట్టె తెరిచి ఒక్కొక్కరికి ఒక్కో పాత ప్లగ్గు ఇచ్చి విప్పమన్నాను. ముందు వరుసలో తొమ్మిదో తరగతి పిల్ల అందరికంటే ముందు మర విప్పింది. విప్పిన మరను కింద పెట్టలేదు. తల ఎత్తకుండానే డ్రెస్సు పక్కన జేబులో వేసుకుంది.

పెట్టె వదిలి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాను.

"నీ డ్రెస్సుకు జేబుందా?"

"అందరికి ఉన్నది మేడం" అంటూ ఆ పిల్ల పక్కపిల్లల జేబులు కూడా లాగి చూపించింది. "కొలతల లేదంట గని, కుట్టే అక్క పెడ్తది. ఆడపిల్లలకు జేబు లేకుంట నేను కుట్టనే కుట్ట అంటదట."

"ఏ అక్క?"

"చిట్యాల అక్క మేడం. మహిళా సంఘం తరఫున మా బడివన్ని ఆమెనే కుడ్తది. కుడిచేతికి రెండు వేళ్ళు సగమే ఉంటయి. అయినా ఎంత జల్ది కుడ్తదో!"

ఆ తరగతి ఎలా ముగించానో గుర్తు లేదు. చప్పట్లు కొట్టారని మాత్రం గుర్తుంది.

పదేళ్ళకు పైగా డైరీ రాస్తున్నాను. తిన్న కూర, చదివిన పుస్తకం, పలకరించలేక తప్పించుకున్న మనిషి, అన్నీ అందులో ఉంటాయి. ఒక్క సంగతి మాత్రం లేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

*

అప్పుడు మేము గని క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా రోజు సైరన్ కూతతో మొదలై సైరన్ కూతతో ముగిసేది. మొదటి షిఫ్టు సైరన్‌కు బాపు చెప్పులు వేసుకునేవాడు, అమ్మ బొగ్గు పొయ్యి మీద గంజు దించేది. పొద్దున్నే వరుస ఇళ్ళ మీద బొగ్గుపొగ ఒక పొరలా పరుచుకుని ఉండేది. ఉతికి ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేవి. ఆ వాసన వద్దనుకుంటూ పెరిగాను. ఇప్పుడు ఎక్కడైనా బట్టీ దగ్గర ఆ వాసన తగిలితే అక్కడే నిలబడిపోతాను.

మా వరుసలో చివరి ఇంట్లో ఒక తాత ఉండేవాడు. గనిలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. పని దిగిపోయాక చేతులు ఊరుకోక వాడకట్టులో అందరి కుక్కర్లు, ఫ్యాన్లు, సైకిళ్ళు బాగుచేసేవాడు. మా బడి పెద్ద మేడం ఇంట్లో మోటారు బాగుచేయడానికి వెళ్ళి, "మేడం, మీ బడి ఎనుకరూముల మిషన్లు తుప్పు పడుతున్నయి. తాళం చెయ్యి ఇస్తే పోరగాండ్లకు జర పని నేర్పిస్త" అన్నాడట. ఆమె మంచిది. శనివారం మధ్యాహ్నాలు ఇస్తానంది. అది ఆడపిల్లల బడి అన్న సంగతి తాతకు మొదటి శనివారం లోపలికి వచ్చాకగానీ తెలియలేదు.

"అయ్యో, గిందరు ఆడిపిల్లలేనా!" అని నెత్తి గోక్కున్నాడు. కాసేపు ఆలోచించి, "సరే తియ్యి. ఆకురాయికి ఆడ మగ తెల్వది" అన్నాడు.

ఆకురాయి అంటే ఇనుమును అరగదీసే పనిముట్టు. మొదటి నెలంతా మాకు అదొక్కటే పని. అగ్గిపెట్టె అంత ఇనుప ముక్కను పట్టుకారు లాంటి వైస్‌లో బిగించి నాలుగు పక్కలా నున్నగా, సరిగ్గా చదరంగా వచ్చేదాకా అరగదీయాలి. తాత మూల సరిచూసే ఇనుప మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. ఇనుముకూ మట్టానికీ మధ్య సన్నటి వెలుగు గీత కనబడితే మళ్ళీ మొదటికే. చేతులు బొబ్బలెక్కేవి. ఇంటికి పోతే అమ్మ, "బడికి పోయినవా, బాయి తవ్వ పోయినవా?" అనేది.

"ముందు చెయ్యి నేర్చుకుంటది బిడ్డా. తలకాయకు అది తర్వాత చెప్తది" అనేవాడు తాత.

నా చెయ్యి నేర్చుకోలేదు. నేను పుస్తకాల పిల్లను. యంత్రం బొమ్మ గీసి భాగాలకు పేర్లు రాయమంటే తరగతిలో నేనే మొదటిదాన్ని. ఇనుప ముక్క మాత్రం ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగే ఉండేది. చెయ్యి నేర్చుకున్నది నా నేస్తం.

ఆమె మొగుళ్లపల్లి తోవలో ఉన్న తండా నుంచి ఆటోలో వచ్చేది. ఇంట్లో లంబాడీ భాష. మా తెలుగులో ఒక్కోసారి మాట తడబడితే తరగతిలో నవ్వేవాళ్ళు, అందుకని నోరు విప్పేది కాదు. నేను ఎటూ విప్పను. ఇద్దరు మాట్లాడనివాళ్ళను ఒకే చాప మీద కూర్చోబెట్టారు, అలా జత కలిసింది. తన డబ్బాలో జొన్నరొట్టె, వెల్లుల్లి వేసి నూరిన ఎర్రకారం ఉండేవి. నా డబ్బాలో సర్వపిండి. సగం సగం మార్చుకునేవాళ్ళం. ఆ కారానికి నా కళ్ళలో నీళ్ళు వస్తే తను సంబరంగా చూసేది.

కానీ శనివారం ఆ వెనుక గదిలోకి అడుగుపెట్టగానే ఆమె వేరే మనిషి. నూనె, తుప్పు, గోనెసంచి కలిసిన ఆ వాసనలో ఆమె గొంతు లేచేది.

"తాతా, గీ బిట్టు మొద్దువారింది, సూడరాదు!"

"తాతా, జరుగు. నువ్వు కొడితే వంకర పోతున్నది."

"వంకరనా! నలభై ఏండ్లు గనిల కొట్టిన్నే పోరీ!"

"అందుకే నీ చెయ్యి అలిసింది. జరుగు."

తాత జరిగేవాడు. పక్కకు నిలబడి ఆమె చేతులను చూస్తూ గోధుమరంగు పళ్ళతో నవ్వుకునేవాడు.

మా అల్లరి కూడా ఆ గదిలోనే. వాషర్లకు దారం కట్టి చెవులకు వేలాడదీసుకున్నాం. అట్టముక్క మీద పెద్ద మేడం ముఖం గీసి, కింద అయస్కాంతం తిప్పి ఆమెకు ఇనుప రజనుతో మీసాలు పెట్టాం. ఆమె తలుపు దగ్గర నిలబడి చూస్తోందని మాకు తెలియదు. "గడ్డం కూడ పెట్టుండ్రి" అని వెళ్ళిపోయింది. తాత దగ్గేదాకా నవ్వాడు. నా నేస్తం ఒక నట్టును మూడు శనివారాలు అరగదీసి ఉంగరం చేసింది, అది నా వేలికి పట్టలేదు, తనే పెట్టుకుంది.

*

ఆ గదిలో ఒక డ్రిల్లు మిషన్ ఉండేది. ఎవరో పాతబడిందని ఇచ్చేసినది. దాని తలలో మెట్లు మెట్లుగా ఉన్న రెండు పుల్లీ చక్రాలు, వాటి మీద బెల్టు. వేగం మార్చాలంటే పై మూత తెరిచి, బెల్టును చేత్తో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జరపాలి. ఆ పనికి ముందు తాత మమ్మల్ని వరుసగా నిలబెట్టి గోడ మీది ఫ్యూజును పీకి చూపించాడు. తెల్ల పింగాణీది, అరచేతిలో ఇమిడేంత.

"ఇగో, ఇది ఇను. స్విచ్చిని నమ్మద్దు. అది గోడకు ఉంటది, పొయ్యేటోడు వొచ్చేటోడు కొడుతడు. గనిల మేం ఏం చేస్తుంటిమి? ఎవని చెయ్యి మిషన్ల ఉంటదో, ఫ్యూజు వాని అంగి జేబుల ఉంటది. మేనేజరొచ్చి అడిగినా ఇయ్యడు. చెయ్యి బయటికి తీసినంకనే జేబులకెల్లి తీస్తడు. సమజయిందా? ఇగ ఇది నీ జేబుల ఏసుకో."

నా నేస్తం ఫ్యూజు పట్టుకుని నిలబడింది. ఒకసారి తన డ్రెస్సు చూసుకుంది.

"మాకు జేబులెక్కడియి తాతా?"

గదంతా నవ్వు. తాత నవ్వలేదు. ఆ గదికి వచ్చే మా ఆరుగురి డ్రెస్సులనూ అటూ ఇటూ చూశాడు. జేబు లేని పనివాణ్ణి ఆయన జన్మలో చూడలేదు.

"చున్ని కొసకు ముడేసుకుంటం తాతా" అని ఒకామె అంది.

"చున్ని గీ మిషన్ దగ్గరికి తెస్తే కాళ్ళిరగ్గొడుత!" అని అరిచాడు. లోపలికి రాగానే మా చున్నీలన్నీ తలుపు పక్క మేకులకు తగిలించాలన్నది ఆయన మొదటి నియమం. చివరికి మెడలో వేసుకునేలా చిన్న గుడ్డసంచి కుట్టిస్తే సరి అనుకున్నాడు. "మా ముసల్దానితోని కుట్టిస్త. అందాక ఒకలు చెయ్యి పెట్టినప్పుడు ఇంకొకలు ఫ్యూజు పట్టుకొని ఆ స్టూలు మీద కూసోవాలె. కూసున్నోళ్ళు లెవ్వద్దు. పొదుగుతున్న కోడి లెక్క కూసోవాలె."

వాళ్ళ ఇంట్లో అవ్వకు కళ్ళల్లో పొర వచ్చింది. సూదిలో దారం ఎక్కేది కాదు. సంచి ప్రతి శనివారం వచ్చే శనివారానికి వాయిదా పడేది. స్టూలు మీద కోడి మాత్రం దాదాపు ఎప్పుడూ నేనే. ఎవరినీ నొప్పించకుండా, కదలకుండా కూర్చోగలిగేది నేనొక్కదాన్నే కదా. ఒక చేతిలో ఫ్యూజు, ఇంకో చేతిలో కథల పుస్తకం. తాతకు అది తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆ ఏడు మేము పదో తరగతి. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష ఇద్దరం కలిసి రాయాలని, ఒకే గదిలో ఉండి చదవాలని అనుకున్నాం. మా బాపు వెంటనే సరే అన్నాడు. వాళ్ళ నాయిన ఫారం మీద వేలు కూడా పెట్టలేదు. పదయితే చాలు, తర్వాత సంబంధం చూస్తానన్నాడు. అప్పుడు తాత నన్ను వెంటబెట్టుకుని తండాకు వెళ్ళాడు. మిరప కల్లంలో ఎర్రగా ఎండుతున్న కాయల ఘాటుకు ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. మంచం వేశారు. మా నేస్తం అమ్మ చల్ల ఇచ్చింది.

"అన్నా, నేను చెప్పేది ఒక్కటే" అన్నాడు తాత, చల్ల తాగి. "నలభై ఏండ్లల్ల ఎంతోమందికి పని నేర్పిన. నీ బిడ్డె చేతిల ఉన్న పని నేను ఒక్కల చేతిల గూడ చూడలే. ఆ చేతికి చదువు తోడు గావాలె. ఆగం చెయ్యకు."

వాళ్ళ నాయిన కాయలు తిరగేస్తూనే ఉన్నాడు. చివరికి, "నువ్వు జిమ్మేదారీనా?" అన్నాడు.

"నేను జిమ్మేదారీ."

ఫారం మీద సంతకం పడింది. తిరిగి వస్తుంటే నా నేస్తం తండా చివరిదాకా మా వెనకే పరిగెత్తుకొచ్చింది. తాత అప్పుడు చెప్పాడు, ఇద్దరికీ రెండు మూలమట్టాలు తన చేత్తో చేసి ఇస్తానని.

*

ఆ శనివారం వాన పట్టేలా ఉంది. మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. పెరట్లో ఆరుబయట ఇనుప కడ్డీలు పడి ఉంటే, తడిస్తే తుప్పు పడతాయని తాత మిగతా నలుగురిని తీసుకుని పరుగెత్తాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నా నేస్తం ఫ్యూజు పీకి నా చేతిలో పెట్టింది.

"బెల్టు మారుస్తున్న. పట్టుకోవే, ఇడువకు."

"ఊఁ" అన్నాను. తల ఎత్తలేదు.

కథ చివరికొచ్చింది. ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయి. సాయంత్రం ఆ పుస్తకం తిరిగి ఇచ్చెయ్యాలి. చూస్తుండగానే గదిలో చీకటి చిక్కబడింది, అక్షరాలు కలిసిపోయాయి. పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పాను, కనబడలేదు. ఆ గదికంతా ఒకటే ఫ్యూజు. దీపానికీ అదే, మిషన్‌కూ అదే. నాకు ఆ క్షణంలో దీపం ఒక్కటే గుర్తుంది. స్టూలు మీది నుంచి లేచాను. వేలు పేజీల మధ్యనే ఉంది. రెండో చేత్తో ఫ్యూజును గోడకు పెట్టేశాను.

దీపం వెలిగింది. మిషన్ స్విచ్చి వేసే ఉంది.

"యాడీ!" అని ఒక్క కేక. వాళ్ళ భాషలో అమ్మా అని. ఆ ఒక్క మాట ఆమె ఆ గదిలో ఎప్పుడూ అనలేదు.

నేను ఫ్యూజు పీకేశాను. అంతే చేయగలిగాను. తాత తడుస్తూ లోపలికొచ్చి తన కండువా ఆమె చేతికి చుట్టాడు. పెద్ద మేడం వచ్చింది, ఆటో వచ్చింది. ఆమెను ఎక్కించేముందు తాత ఒక్కసారి వెనక్కి తిరిగి, నా ముందు నిలబడి మెల్లగా అడిగాడు.

"ఫ్యూజు ఎవలు పెట్టిన్రు బిడ్డా?"

నా చేతిలో ఫ్యూజు ఉంది. ఇంకో చేతిలో పుస్తకం ఉంది.

"తెల్వది తాతా" అన్నాను.

ఆయన నా రెండు చేతుల వైపూ చూశాడు. ఆటో ఎక్కాడు.

దవాఖానలో రెండు వేళ్ళు సగానికి తీసేశారు. మధ్యవేలు, ఉంగరపు వేలు. సోమవారం పెద్ద మేడం ప్రార్థన దగ్గర చెప్పింది. ఆ పిల్ల తప్పు తనదేనందట, స్విచ్చి ఆపకుండా చెయ్యి పెట్టిందట, ఇకనుంచి వెనుకగదికి తాళమట. తాతను ఆమె ఏమీ అనలేదు. ఆయనే వచ్చి తాళంచెయ్యి బల్ల మీద పెట్టాడట. "ఎల్లుండి ఎల్లుండి అనుకుంట సంచి కుట్టియ్యకపోతిని మేడం. జిమ్మేదారీ నాది" అన్నాడట. ఆ సంచి ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వరుసలో చివర నిలబడి నా కాలి గోళ్ళు చూసుకున్నాను.

అందరూ తలా కొంత తప్పు తీసుకున్నారు. నా వంతు తప్పును నేను తప్ప అందరూ పంచుకున్నారు.

తాత తండాకు వెళితే వాళ్ళ నాయిన మంచం వేయలేదట. కొట్టలేదు, తిట్టలేదు. "చేతిల పని ఉన్నదంటివి. ఇప్పుడు చెయ్యే లేకపాయె" అని లోపలికి వెళ్ళిపోయాడట. ఇది అవ్వ మా అమ్మతో చెబుతుంటే వంటింట్లో బియ్యం ఏరుతూ విన్నాను. అమ్మ నా వైపు తిరిగి, "నీ దోస్తే గదనే, పొయ్యి చూసి రాపో" అంది. పరీక్షలున్నాయన్నాను.

ఆ శనివారం డైరీ పేజీ ఇప్పటికీ ఉంది. ఇంత రాశాను: "ఇవాళ వాన పడింది." మరుసటి రోజు ఆ పుస్తకంలో మిగిలిన నాలుగు పేజీలు చదివాను. ఇది కూడా చెప్పాలి. చదివాను.

*

పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. ఊరు విడిచి వెళ్ళే రోజు తాత మా ఇంటికి వచ్చాడు, కాగితంలో చుట్టిన రెండు మూలమట్టాలతో. చేతిలో ఇమిడేంత చిన్నవి, అద్దంలా మెరుస్తున్నవి. "ఒకటి నీది. ఇంకోటి ఆ పిల్లకియ్యి. నన్ను ఆ తండల రానియ్యరు బిడ్డా, నువ్వయితే పోగలవు." నేను తల ఊపాను. ఆయన చెయ్యి నా తల మీద పెట్టాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

నేను పోలేదు. ఈ సెలవులకు, పై సెలవులకు అనుకున్నాను. ఏడాదికోసారి రెండింటికీ నూనె రాసి మళ్ళీ అదే కాగితంలో చుట్టేదాన్ని. చదువయింది, ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ కింద తాత పోయాడని అమ్మ ఫోనులో చెప్పింది. సెలవు దొరకదన్నాను. నేను అసలు అడగనే లేదు.

పోయిన నెల బడి నుంచి నేరుగా హైదరాబాదు బస్సు ఎక్కాను. ఎక్కి కూర్చున్నాక ఆ పిల్ల జేబు కళ్ళముందు నుంచి పోలేదు. మరుసటి ఆదివారం ఆ కాగితపు చుట్ట తీసుకుని చిట్యాల వెళ్ళాను.

చిన్న రేకుల గది. లోపల రెండు కుట్టుమిషన్లు, ఒకదానికి మోటారు. బడిపిల్లల డ్రెస్సులు ఒక పక్క గుట్టగా ఉన్నాయి. ఆమె సూదిలో దారం మారుస్తోంది. మోటారు ప్లగ్గు పీకి ఒడిలో పెట్టుకుంది. గడపలో నీడ పడితే తల ఎత్తింది. ఆశ్చర్యపోలేదు.

"వొచ్చినవా" అంది. "కూసో. ఆ బట్టలు పక్కకు జరుపు."

కూర్చున్నాను. జరిపిన బట్టలు ఒక్కొక్కటిగా మడతపెట్టాను. చివరికి, "ఆ రోజు ఫ్యూజు నేనే పెట్టిన" అన్నాను.

ఆమె దారం ఎక్కించింది. ముడి వేసింది. కొస కొరికింది.

"నీ చేతికే ఇచ్చిన గదనే. నాకు తెల్వదా?"

"మరి నీదే తప్పని ఎందుకు చెప్పినవ్?"

"తాత ఏం చెప్పిండు? ఎవల చెయ్యి మిషన్ల ఉంటదో ఫ్యూజు వాళ్ళ దగ్గర ఉండాలె. నా చెయ్యి లోపలుండె, ఫ్యూజు నీకిచ్చిన. స్విచ్చి గూడ చూడలే. అది నా తప్పే." బల్ల మీది దారపు ముక్కలు దులిపింది. "నీ తప్పు నువ్వు చెప్తవనుకున్న. మొదటి రెండు నెల్లు తండ మలుపు దిక్కే చూసిన. ఆటో ఆగితే నువ్వే అనుకుందు. తర్వాత చూసుడు బంజేసిన."

నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. కాగితం విప్పి మూలమట్టం ఆమె ముందు పెట్టాను.

"తాత ఇచ్చిండు. నీకియ్యమని. అప్పుడే."

ఆమె దాన్ని ఎడమచేత్తో తీసుకుంది. వెలుతురుకు ఎత్తి చూసింది. సగం వేళ్ళతో అంచులు తడిమింది.

"తుప్పు పట్టలే. నూనె రాసినవా?"

"ఏడాదికోసారి."

"మనిషి దగ్గరికి రాను పదేండ్లు పట్టింది గని, ఇనుమును మంచిగ చూసుకున్నవ్" అంది.

మూలమట్టం బల్ల మీద పెట్టి నీలం గుడ్డముక్క ఒకటి తీసింది. జేబు ముక్క. దాని మూలకు మట్టం ఆనించి సుద్దతో గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది. కొంచెం సేపు ఆ గీతనే చూసింది.

"ఆ ముసలాయన సంచి సంచి అనుకుంట పాయె" అంది.

టీ పెట్టింది. తాగాం. లేవబోతూ అడిగాను, మా కార్యక్రమం కోసం బడిలో ఆ గది మళ్ళీ తెరుస్తున్నారని, శనివారాలు వచ్చి నేర్పుతావా అని. నాకంటే నీకే ఎక్కువ తెలుసన్నాను. ఆమె నవ్వింది, అంత మంచి నవ్వు కాదు.

"నన్ను పిలుచుడు తర్వాత. నాకు తెలిసిన ముచ్చట నాకే చెప్పి పోతే అయిపోతదా? ఆ పిల్లలకు చెప్పు. ఆ రూములనే నిలబడి చెప్పు. చెప్పినంక పిలువు, వస్తనో లేదో చూస్త."

*

నిన్న శనివారం. నన్నెవరూ పంపలేదు, సెలవు పెట్టి వెళ్ళాను. వెనుకగది తాళం తీశారు. గోనెసంచి తీస్తే మిషన్ అలాగే ఉంది. నూనె వాసన పోయింది, తుప్పు వాసన ఉంది. తలుపు పక్క మేకులు కూడా అలాగే ఉన్నాయి. పిల్లలు చున్నీలు తగిలించారు. నేను మిషన్ పక్కన నిలబడ్డాను. అరచేతులు తడిశాయి.

తాత గురించి చెప్పాను. ఆకురాయి గురించి, స్టూలు మీద కోడి గురించి చెబితే నవ్వారు. మీ డ్రెస్సులకు చిట్యాల అక్క జేబు ఎందుకు పెడుతుందో చెప్పాను. ఫ్యూజు ఎవరు పెట్టారో చెప్పాను, ఎందుకు పెట్టానో చెప్పాను, అడిగితే ఏమన్నానో చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

చాలాసేపటికి ఆ తొమ్మిదో తరగతి పిల్ల, ఆ రోజు మరను జేబులో వేసుకున్న పిల్ల, చెయ్యెత్తింది.

"మేడం, ఆ కథల చివరికి ఏమయింది?"

నేను ఆలోచించాను. పుస్తకం అట్ట గుర్తుంది. అక్షరాలు మసకబారడం గుర్తుంది. మరుసటి రోజు పెరట్లో జామచెట్టు కింద కూర్చుని ఆ నాలుగు పేజీలు తిప్పడం గుర్తుంది. ఎంత తడుముకున్నా కథ మాత్రం ఒక్క ముక్క కూడా దొరకలేదు.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నన్ను కాసేపు చూసింది. తర్వాత లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది. పైనుంచి ఒకసారి తడిమి చూసుకుంది. అప్పుడు మిషన్ మూత తెరిచింది.